తాత పేరు ఏ కాగితంలో ఉన్నది?

ఒకరోజు తరగతిలో కాకతీయుల కాలంనాటి చెరువుల గురించి చెబుతుంటే, వెనుక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచి, "సార్, రాజుల తాతలు ముత్తాతల పేర్లన్నీ మాతోని బట్టీ పట్టిస్తరు. మా తాత వాళ్ళ తాత పేరు ఏ పుస్తకంల ఉంటది?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వెళ్ళిన తర్వాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మరునాడు పాఠం పక్కనబెట్టి, "ఎవరెవరు ఎన్ని తరాలు చెప్పగలరో చెప్పండి" అన్నాను. బాపు పేరు, తాత పేరు అందరూ చెప్పారు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి చాలామంది తలలు గోక్కున్నారు. ముత్తవ్వ పేరు అడిగితే తరగతిలో చప్పుడు లేదు.

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు వ్రాద్దామనిపించింది. ఆర్మూర్ ప్రాంతపు రైతు కుటుంబం ఒకటి నూరు, నూటయాభై ఏండ్ల వెనుకకు వెళ్ళి తన వాళ్ళను వెదుక్కోవాలంటే ఏ తలుపు తట్టాలి? ఏ తలుపు తెరుచుకుంటుంది, ఏది తెరుచుకోదు?

ఇంగ్లండులో ఎట్లా వెదుకుతారు?

ముందుగా ఈ విద్య బాగా సాగిన దేశం సంగతి చూద్దాం. ఇంగ్లండులో 1538లో థామస్ క్రామ్‌వెల్ అనే మంత్రి, ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలసిందని ఆజ్ఞ పెట్టాడు. 1801 నుండి పదేండ్లకొకసారి జనాభా లెక్కలు మొదలైనవి. తొలుత అవి తలల లెక్కలే. 1841 నుండి ఇంటింటా ప్రతి మనిషి పేరూ వ్రాశారు. 1851లోనైతే రైతు ఎన్ని ఎకరాలు సేద్యం చేస్తున్నాడో, ఎంతమంది కూలీలను పెట్టుకున్నాడో కూడా వ్రాయించారు. నూరేండ్లు గడచిన పిమ్మట ఆ కాగితాలు ప్రజలకు చూపిస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. 1931 నాటివి మాత్రం 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయినవి.

ఈ రెంటినీ కలిపి చూడటంలోనే కిటుకు ఉన్నది. జనాభా లెక్కలో ఒక రైతు వయసు నలభై అని, పుట్టింది ఫలానా ఊరని ఉంటుంది. లెక్క జరిగిన సంవత్సరంలోంచి నలభై తీసివేసి, ఆ ఊరి చర్చి పుస్తకం తెరిస్తే అతని బాప్తిస్మం, తండ్రి పేరు, తల్లి పేరు దొరుకుతాయి. ఆ తల్లిదండ్రుల పెళ్ళి మరో పేజీలో ఉంటుంది. ఇట్లా మెట్టు మెట్టుగా దిగుతూ, పేరులేని మామూలు కౌలురైతు సంతానం కూడా మూడు వందల ఏండ్ల వెనుకకు పోగలుగుతున్నారు.

మన జనాభా లెక్కలలో మనం లేము

ఇది చదివి, "మనకూ జనాభా లెక్కలు ఉన్నవి గదా" అని మీరు అనవచ్చు. ఉన్నవి. హైదరాబాదు సంస్థానంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగినవి. అప్పుడు మన జిల్లా పేరు ఇందూరు. నిజామాబాద్ అనే పేరు 1905లో వచ్చింది. ఆనాటి లెక్కలో సంస్థానపు జనాభా 98,45,594. లెక్క వ్రాసే మనిషి ఇంటింటికీ పోయి పేరు, వయసు, కులం, వృత్తి అన్నీ అడిగి వ్రాసుకున్నాడు. కాని ఆ కాగితాలలోంచి మొత్తాలు తీసి పట్టికలు అచ్చువేసిన తరువాత, అసలు కాగితాలను భద్రపరచలేదు. 1901 నుండి మనిషికొక చీటీ చొప్పున వ్రాసి, ఆ చీటీలను గళ్ళలో వేరుచేసి లెక్కించే పద్ధతి వచ్చింది. ఆ చీటీకి మతం, వయసు, వృత్తి కావాలి. మనిషి పేరుతో దానికి పని లేదు. స్వతంత్రం వచ్చిన తరువాత 1948 నాటి జనగణన చట్టం ఇంటి వివరాల కాగితాలను ఎవరికీ చూపరాదని, వాటిని కోర్టులో సాక్ష్యంగా ఒప్పుకోరాదని చెప్పింది. నూరేండ్ల తరువాతనైనా చూపిస్తామన్న మాట అందులో లేదు.

కాబట్టి జనాభా లెక్కల పుస్తకంలో మన ముత్తాత ఒక అంకెలో భాగంగా మాత్రమే ఉన్నాడు. అట్లని ఆ అంకె పనికిరానిదని కాదు. సంస్థానపు జనాభా 1891లో 1,15,37,040. 1901లో 1,11,41,142. పెరగవలసింది పోయి దాదాపు నాలుగు లక్షలు తగ్గింది. నడుమ వానలు లేక, 1899-1900లో పెద్ద కరువు వచ్చింది. మళ్ళీ 1911లో 1,33,74,676 ఉన్న జనం 1921 నాటికి 1,24,71,770కి పడిపోయారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఇల్లిల్లూ ఊడ్చుకుపోయిన కాలమది. మీ ఇంట్లో ముసలివాళ్ళు "మా తాతకు ఏడుగురు అన్నదమ్ములట, ఒక్కడే మిగిలిండట" అంటే అది కట్టుకథ అనుకోకండి. ఆ ఆరుగురు ఆ తీసివేతలో ఉండి ఉంటారు.

మనిషిని కాక భూమిని వెదకాలి

జనాభా లెక్క మనిషిని దాచిపెట్టింది. అయితే సర్కారుకు మనిషితో పని లేకపోయినా శిస్తుతో పని ఉన్నది. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియాలంటే పేరు వ్రాయక తప్పదు. అందుచేత మన దగ్గర రైతు పేరు మొదట దొరికే చోటు భూమి లెక్కలే.

1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేశాడు. 1870లలో సర్వే శాఖ ఏర్పడి, బొంబాయి పద్ధతిలో భూములు కొలిచి, సర్వే నంబర్లు వేసి, తరి అని, ఖుష్కి అని, బాగాత్ అని వేరుచేసి, శిస్తు కట్టారు. ఆ బందోబస్తులో తయారైన పుస్తకమే సేత్వార్. సర్వే నంబరు, విస్తీర్ణం ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. ఏటేటా వచ్చిన మార్పులు ఫైసల్ పట్టీలో వ్రాసేవారు. పట్టాదారు చనిపోతే "ఫౌతి" అని వ్రాసి, వారసుల పేర్లమీద మార్చేవారు. దానినే విరాసత్ అంటారు. వంశవృక్షం వ్రాయదలచిన వాడికి విరాసత్ కాగితం కంటె విలువైనది మరొకటి లేదు. తండ్రి పేరు, కొడుకుల పేర్లు, చనిపోయిన సంవత్సరం ఒకేచోట ఉంటాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆర్మూర్ పక్క పల్లెలో గంగారాం అనే రైతు ఉండేవాడనీ, అతని మునిమనుమడు మన కాలేజీలో చదువుతున్నాడనీ అనుకోండి. ఆ అబ్బాయి ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులోంచి సర్వే నంబరు పట్టుకోవాలి. ఆ నంబరుతో 1954-55 నాటి ఖాస్రా పహాణి చూడాలి. తెలంగాణలో భూమి తగాదా ఏది వచ్చినా వకీళ్ళు మొదట అడిగే కాగితం ఇదే. అందులో తాత పేరు, ఆ తాత తండ్రి పేరు దొరుకుతాయి. అక్కడినుండి ఫైసల్ పట్టీల మీదుగా వెనుకకు పోతే విరాసత్, ఇంకా వెనుకకు పోతే సేత్వార్. అంటే మునిమనుమడు 1954 నుండి మొదలుపెట్టి, నేల మీద కాలు పెట్టుకుంటూ పందొమ్మిదో శతాబ్దం చివరి అంచు దాకా పోగలడు.

దారిలో చిక్కులు లేకపోలేదు. మొదటిది భాష. సంస్థానంలో 1884 వరకు రాజభాష ఫారసీ, తరువాత ఉర్దూ. వేగంగా వ్రాసే గుమాస్తా గాఫ్ అక్షరం మీది గీతలు పెట్టడం మరచిపోతే గంగయ్య కాస్తా లింగయ్య అయిపోతాడు! రెండవది సంవత్సరం. ఆ కాగితాలలో ఫసలీ సాలు ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1358 ఫసలీ 1948 అక్టోబరులో మొదలైంది. మూడవది మన పేర్లే. గోదావరిని మనవాళ్ళు గంగ అంటారు. కాబట్టి ఊరికి పదిమంది గంగారాంలు, గంగారెడ్లు, గంగవ్వలు. వారిని వేరుపరచడానికి పెద్ద గంగారాం, నడ్పి గంగారాం, చిన్న గంగారాం. తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలిసినప్పుడే "ఈయన మావాడు" అనాలి. ఒక్క పేరు చూసి మురిసిపోతే పక్కింటివాళ్ళ తాతను మన గోడకు తగిలించుకున్నట్టే.

జాగీరు గ్రామాల సంగతి వేరు. అక్కడి లెక్కలు జాగీర్దారు కచేరీలో ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయిన తరువాతే అవి దివానీ లెక్కలతో కలిసినవి. ఇక శ్రీరాంసాగర్ నీళ్ళలో మునిగిన ఊళ్ళవారికైతే, 1963లో పునాదిరాయి పడిన ఆ ప్రాజెక్టు కింద ఊరే లేదు, సమాధులు లేవు, గుడి లేదు. పాత పహాణి ఒక్కటే ఆ ఊరు ఉండేదనడానికి గుర్తు.

పసుపు గడి చెప్పే కథ

పహాణిలో పంట వ్రాసే గడి ఒకటి ఉంటుంది. చాలామంది దానిని చూడకుండా దాటేస్తారు. నన్నడిగితే కుటుంబపు కథ అంతా అక్కడే ఉన్నదంటాను. జొన్న అని ఉంటే ఆకాశాన్ని నమ్ముకున్న ఇల్లు. పసుపు అని ఉన్నదా, ఆ చేనులో బావి ఉన్నదన్నమాట. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో వేస్తే మాఘ ఫాల్గుణాలకు గాని త్రవ్వరు. అన్ని నెలలు తడి పెట్టాలంటే బావి, మోట, మోటకు ఎడ్లు, ఎడ్ల వెనుక మనిషి ఉండాలి. ఎకరానికి ఎనిమిది పది క్వింటాళ్ళ విత్తనపు కొమ్ము కావాలి. త్రవ్వటానికి, ఉడకబెట్టటానికి, ఎండబోయటానికి చేతులు కావాలి. ఇంత పెట్టుబడి ఇంట్లో లేకపోతే సాహుకారు చిట్టాలో అప్పు ఉండాలి. తరువాతి కాలంలోనైతే అడ్తిదారు ఇచ్చిన తక్‌పట్టీలు సందుకలో దొరుకుతాయి. కాడి ఎంత, గోళ ఎంత, తూకం ఎంత, చేతికి వచ్చింది ఎంత అన్నవి అందులో ఉంటాయి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు ప్రారంభమైనప్పుడు అందరం సంతోషించాం. మరి ఆ పసుపు మన ఇంటికి ఏ సాలులో వచ్చిందో మనలో ఎందరికి తెలుసు?

అయితే ఇక్కడే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ మోట తోలిన జీతగాడి పేరు ఆ గడిలో ఉన్నదా? పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, ఏరిన ఆడవాళ్ళ పేర్లు ఉన్నవా? లేవు. పట్టాదారు గడిలో మగవాడి పేరు. భార్య పేరు కనబడాలంటే ఆమె విధవ కావాలి. ఏండ్ల తరబడి అదే భూమి దున్నిన కౌలుదారు పేరు ఒక్కోసారి అనుభవదారు గడిలో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. భూమి లేని మాల, మాదిగ కుటుంబాలకు ఊరి సేవకు ఇచ్చిన కొద్దిపాటి ఇనాం ఉంటే ఆ లెక్కలో పేరు పడింది. అది కూడా లేనివారి పేరు ఎక్కడా పడలేదు.

ఇది పాత ముచ్చట అనుకోవద్దు. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలోను, 2020లో వచ్చిన ధరణిలోను అనుభవదారు గడి లేకుండా పోయింది. దానిమీద ఎంత గొడవ జరిగిందో, 2025లో భూభారతి చట్టం ఎందుకు వచ్చిందో మీకు తెలిసినదే. కాగితంలో ఒక గడి తీసివేస్తే ఒక కుటుంబపు జాడ చెరిగిపోతుంది.

చర్చి పుస్తకంలో దొరికిన పేర్లు

భూమి లెక్కలలో లేనివారు మరెక్కడైనా ఉన్నారా? కొందరు ఉన్నారు. ఆ చోటు చర్చి రిజిస్టరు.

వెస్లియన్ మెథడిస్టు మిషన్ వారు పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో సంస్థానంలో పని మొదలుపెట్టారు. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ ఆధ్వర్యాన లేచిన పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మన జిల్లాలోనే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల ఆశ్రమం స్థాపించారు. దానికి మొదట పెద్ద విరాళమిచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. 1947 సెప్టెంబరులో ఈ చర్చీలు దక్షిణ ఇండియా సంఘంలో కలిసినవి.

ఈ మిషన్ పని ఎక్కువగా మాల, మాదిగ వాడలలో సాగింది. బాప్తిస్మం ఇచ్చినప్పుడల్లా పాదిరి ఒక పుస్తకంలో వ్రాయవలసి ఉండేది. తేదీ, క్రొత్త పేరు, పాత పేరు, వయసు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, వృత్తి. మళ్ళీ పెళ్ళికి ఒక పుస్తకం, సమాధికి ఒక పుస్తకం. గమనించండి, ఇక్కడ తల్లి పేరుకు ఒక గడి ఉన్నది! పట్వారీ దప్తరంలో కాలు పెట్టనివ్వని మనిషి ఇక్కడ తండ్రి పేరుతో, ఊరు పేరుతో సహా పేజీకి ఎక్కాడు. కూలి చేసుకునే స్త్రీ ఒకసారి బిడ్డగా, ఒకసారి పెళ్ళికూతురుగా, నాలుగైదుసార్లు తల్లిగా కనబడుతుంది. అంటే, భూమి ఉన్న పెద్ద రైతు మునిమనుమడు తన ముత్తవ్వ పేరు కనుక్కోలేకపోవచ్చు. ఆయన పొలంలో జీతం చేసిన మనిషి మునిమనుమరాలు మాత్రం, ఆ కుటుంబం ఆ రోజుల్లో చర్చిలో చేరి ఉంటే, తన ముత్తవ్వ పేరు చదువుకోగలదు.

ఇది మత ప్రచారం కోసం చెప్పడం లేదు. ఏ పుస్తకం ఎవరి పేరు ఎందుకు వ్రాసిందన్నదే నా ముచ్చట. సర్కారు శిస్తు కోసం వ్రాసింది, మిషన్ సంఘ సభ్యుల కోసం వ్రాసింది. ఎవరి అవసరం వారిది. చర్చి పుస్తకం కూడా అందరినీ వ్రాయలేదు, చేరినవారినే వ్రాసింది. మరొక జాగ్రత్త. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులకు ఆ హోదా లేకుండా చేసింది. అందువల్ల చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న ఇళ్ళు ఉన్నవి. అటువంటి కాగితం ఒకరి జీవనాధారానికి ముప్పు తేగలదు. మీ ఇంటి పేజీ మీరు చూసుకోండి, పొరుగింటి పేజీ బజారుకు తేకండి.

సముద్రం దాటినవాని భాగ్యం

ఇంకొక వింత చెబుతాను. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. ఆనాటి నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్ళారు. వారిలో కోస్తా జిల్లాల తెలుగు రైతుకూలీలు అనేకులు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది మచ్చలు కూడా వ్రాశారు. ఆ పట్టికలు నేటికీ ఉన్నవి. వాటిని చేతబట్టుకుని వారి మునిమనుమలు ఆంధ్రలోని పల్లెలకు వచ్చి, "మా తాత ఈ ఊరివాడు" అని అడుగుతున్నారు. ఊరు విడిచినవాని ఊరు పేరు దొరుకుతున్నది. ఊళ్ళోనే ఉండిపోయిన తమ్ముడి పేరు దొరకదు. మన ఆర్మూర్ ఇళ్ళలోని గల్ఫ్ పాస్‌పోర్టులు రేపు ఇటువంటి కాగితాలే అవుతాయి. పారవేయకండి.

కాగితం లేనిచోట నోరు

కాగితానికి ముందు నోరు ఉన్నది. కాపు ఇళ్ళకు వచ్చి గోత్రాలు చెప్పే వంశరాజ్‌లు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, చాకలివారికి మాసయ్యలు, వీరంతా నడిచే దప్తరాలు. కాశీ, గయ, నాసిక్ పోయినవారి పేర్లు పండాల బహీలలో ఉంటాయి. వీరు చెప్పినదంతా అక్షరాలా నిజమని గాదు. పొగిడితేనే సంభావన దొరుకుతుంది గనుక ప్రతి తాతా వీరుడే అవుతాడు! అయినా వారు చెప్పిన పేరు, విరాసత్‌లోని పేరు కలిసిన రోజున మీకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

విద్యార్థులకు ఒక మనవి

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ముందుగా నాయినమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చోండి. "నీ తల్లిగారి ఊరేది? మీ అవ్వ పేరేంది?" అని అడగండి. ఏ సాలంటే చెప్పలేకపోవచ్చు. "పోలీసు చర్య అయినప్పుడు నాకు పండ్లు ఊడుతున్నయ్" అంటే చాలు, 1948లో ఆమెకు ఆరేడేండ్లని మనం లెక్క కట్టుకోవచ్చు. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీ కంటె అదే నిజం. మన ఊళ్ళల్లో సగంమంది పంతులుగారు పెట్టిన జూన్, జూలై ఒకటో తేదీనే పుట్టారు గదా! ఆ తర్వాత సందుక తెరవండి. పాత కాగితం ఏది ఉన్నా మడత విప్పి, ఫోటో తీసి, మళ్ళీ పెట్టండి. తరువాత తహసీలు కచేరీకి, అవసరమైతే తార్నాకలోని రాష్ట్ర పురాతత్వ పత్రాల కార్యాలయానికి పోవచ్చు. ఉర్దూ చదివే పెద్దమనిషి మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఆయన దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకోండి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ దప్తరాలు చదవగలిగిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నవి.

ఆ విద్యార్థికి నా జవాబు ఇది. నాయనా, మీ తాత వాళ్ళ తాత పేరు ఒక పుస్తకంలో ఉండవచ్చు. భూమి ఉంటే సేత్వార్‌లో, లేకపోతే చర్చి పుస్తకంలో, అదీ లేకపోతే ఎవరి నోటిలోనో. నీ ముత్తవ్వ పేరు మాత్రం మీ ఇంట్లో ఒక ముసలామెకు తప్ప మరెవరికీ తెలియకపోవచ్చు. ఈ సంచిక చదవటం అయిపోగానే పోయి అడుగు. ఒక నోటుపుస్తకం, ఒక కలం వెంట తీసుకపో.